తాళం వేసిన ఇంట్లో మిన్నల్లుల దండు

వేసవి సెలవులకు ఇంటిల్లిపాదీ ఊరెళ్తారు. పిల్లిని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, కిటికీలు బిగించి, తాళం వేసుకుని పోతారు. నెలరోజులపాటు ఆ ఇంట్లో నరసంచారం ఉండదు, పిల్లి కూడా ఉండదు. తిరిగొచ్చి తలుపు తీసి, పెట్టెలు లోపల పెట్టి, హాల్లో నాలుగడుగులు వేశారో లేదో చీలమండల దగ్గర చురుక్కుమంటుంది. వంగి చూస్తే రెండు మూడు మిల్లీమీటర్లు మించని ముదురు గోధుమరంగు పురుగులు. పట్టబోతే ఎగిరి మాయమవుతాయి. ఊరెళ్లేముందు ఇంట్లో ఒక్కరినీ ఇవి కుట్టలేదు. రక్తపు చుక్క దొరకని ఇంట్లో ఇన్ని పురుగులు ఎలా బతికాయి? అసలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఇదే కథ ఇంకో రూపంలోనూ వినిపిస్తుంది. పిల్లి ఉన్న కుటుంబం ఒకటి ఇల్లు ఖాళీ చేసి పోతుంది. కొన్ని వారాల తరవాత ఆ ఇంట్లో దిగినవాళ్లకు పిల్లీ లేదు, కుక్కా లేదు. అయినా మొదటిరోజే కాళ్లనిండా దద్దుర్లు.

మనవాళ్లు వీటిని పిల్లిపేలు అనేస్తారు. ఇవి పేలు కావు, పశువులను పట్టి వేలాడే పిడుదులూ కావు. ఇవి మిన్నల్లులు. రెక్కలు లేవు. రెండు పక్కలా నొక్కేసినట్టు పలచగా ఉండే ఒళ్లు వెంట్రుకల మధ్య జారిపోవడానికి అనువుగా ఉంటుంది. ఇళ్లలో కనిపించే రకాన్ని 1835లో జర్మనీకి చెందిన బూషే వర్ణించాడు. ఇప్పటి శాస్త్రీయ నామం టీనోసెఫలైడిస్ ఫెలిస్. పేరులో పిల్లి ఉన్నా, ప్రపంచంలో చాలాచోట్ల కుక్కల మీద కూడా ఎక్కువగా కనిపించేది ఇదే.

ఇవి ఎక్కణ్నుంచి పుట్టుకొస్తాయన్న ప్రశ్న రెండువేల ఏళ్లకు పైబడినది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ దీనికి ఒక జవాబు చెప్పాడు. కుళ్లే పదార్థంలోంచి ఇవి వాటంతటవే పుడతాయని, ఎండిన మలం ఉన్నచోట తప్పక కనిపిస్తాయని రాశాడు. ఆ జవాబు తప్పని తేలడానికి సుమారు రెండువేల ఏళ్లు పట్టింది. ఈ చిక్కుముడి విప్పితే విషపు మందులు చల్లకుండా ఇల్లు బాగుచేసుకునే దారి దొరుకుతుంది. అందుకే ఒక్కో ఆధారాన్నీ వరసగా చూద్దాం.

మొదటి ఆధారం: కాటు ఎక్కడ పడింది?

దోమ చేయి, మెడ, మొహం ఎక్కడైనా కుడుతుంది. నల్లి మంచం మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కుడుతుంది. ఈ కాట్లు మాత్రం చాలావరకు మోకాలి కిందే, ముఖ్యంగా చీలమండ చుట్టూ ఉంటాయి. రెండు మూడు కాట్లు దగ్గరదగ్గరగా పడతాయి. నేలమీద కూర్చుని ఆడుకునే చిన్నపిల్లలకు ఇంకా పైదాకా కనిపిస్తాయి. అంటే పురుగు నేలమీద ఉంది, అక్కణ్నుంచే గెంతుతోంది.

ఎంత దూరం గెంతుతుందో కూడా కొలిచారు. ఫ్రాన్సులోని టులూజ్ పశువైద్య పరిశోధకులు 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం పిల్లి మిన్నల్లి సగటు గెంతు 20 సెంటీమీటర్లు, అన్నిటికంటే పెద్దది 48 సెంటీమీటర్లు. ఎత్తు అంతకంటే తక్కువ. మనిషి నిలబడి ఉంటే ఆ ఎత్తుకు అందేది చీలమండా పిక్కా మాత్రమే.

ఈ ఆధారాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మోకాళ్లదాకా తెల్ల మేజోళ్లు వేసుకుని ఒక్కో గదిలో కాసేపు నెమ్మదిగా నడవాలి. తెల్లబట్ట మీద ఆ గోధుమరంగు చుక్కలు ఇట్టే కనిపిస్తాయి. అన్ని గదుల్లోనూ సమానంగా ఎక్కవు. వంటగది మధ్యలో ఒక్కటీ ఎక్కకపోవచ్చు, దివాన్ పక్కన నిలబడేసరికి అరడజను ఎక్కవచ్చు. పురుగు ఇల్లంతా పరుచుకుని లేదు, కొన్నిచోట్ల మాత్రమే కాపురం ఉంది. ఆ చోట్లేవి? పిల్లి పడుకునేవి.

రెండో ఆధారం: పిల్లి ఒంటిమీద ఏమీ కనబడలేదు

"మా పిల్లికి ఒక్కటి కూడా లేదు, నేనే వెతికాను" అని చెప్పేవాళ్లు చాలామంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పిల్లి మేలుకుని ఉన్నప్పుడు తరచూ ఒళ్లు నాక్కుంటుంది. దాని నాలుక మీద వెనక్కి తిరిగిన చిన్న ముళ్లుంటాయి, వెంట్రుకల్లో దొరికిన మిన్నల్లిని అవి ఊడ్చుకుపోతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఎక్‌స్టీన్, హార్ట్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని తేల్చి చూపారు. మిన్నల్లులున్న ఇంట్లో కొన్ని పిల్లులకు నాక్కోవడానికి వీల్లేకుండా మెడచుట్టూ గరాటులాంటి పట్టీ వేశారు. మూడు వారాలకు వాటి మీది పురుగులు మామూలు పిల్లుల మీదున్న వాటికి సుమారు రెట్టింపయ్యాయి. ఈ ఫలితం 2000లో వెలువడింది. పిల్లి రోజూ సాక్ష్యాన్ని మింగేస్తోందన్నమాట.

అయినా ఒక జాడ మిగులుతుంది. పళ్లు బాగా దగ్గరగా ఉన్న పేన్ల దువ్వెన తీసుకుని, పిల్లి తోక మొదట్లోనూ మెడ వెనకా నెమ్మదిగా దువ్వాలి. దువ్వెనలోకి వచ్చిన వెంట్రుకలను తడిపిన తెల్ల కాగితం మీద దులపాలి. వాటితోపాటు నల్లటి రేణువులు కొన్ని రాలతాయి. కొన్ని పొడుగ్గా, కొన్ని కొద్దిగా వంకరగా ఉంటాయి. చూడ్డానికి వట్టి మట్టి. మట్టయితే నల్లగానే ఉండిపోతుంది. ఇక్కడ మాత్రం ఒకటి రెండు నిమిషాల్లో ఒక్కో రేణువు చుట్టూ తుప్పురంగు తడి వలయంలా వ్యాపిస్తుంది. వేలితో రుద్దితే ఎర్రటి చార సాగుతుంది. అది పిల్లి రక్తం. మిన్నల్లి తాగి, సగం మాత్రమే అరిగించుకుని విసర్జించిన రక్తం.

ఇంత రక్తం వృథాగా ఎందుకు పోతోంది? ఆడ మిన్నల్లి రోజుకు తన బరువుకు పదిహేను రెట్ల రక్తం తాగుతుందని 1991లో అమెరికా పరిశోధకులు కొలిచారు. తన ఆకలికి అంత అక్కర్లేదు. ఆ మిగులు ఎవరికోసమో తరవాతి ఆధారం చెబుతుంది.

మూడో ఆధారం: పడకమీది తెలుపూ నలుపూ

పిల్లి రోజూ పడుకునే నల్లటి దుప్పటో ముదురురంగు కుర్చీయో ఉంటే, పిల్లి లేచివెళ్లాక టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు ఉంటుంది. నల్లనివి మనం ఇప్పుడే చూసిన ఎండు రక్తపు రేణువులు. తెల్లనివి గుడ్లు.

ఒక్కో గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. పేను గుడ్డు వెంట్రుకకు అతుక్కుంటుంది. మిన్నల్లి గుడ్డుకు ఆ జిగురు లేదు. పిల్లి ఒళ్లు విదిల్చినా, గోక్కున్నా, గెంతినా, గుడ్లు జారి నేలమీద పడతాయి. పిల్లి మీద చేరిన ఆడ మిన్నల్లి ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు నలభై, యాభై పెడుతుంది. అదే విదిలింపులో రక్తపు రేణువులూ రాలతాయి. పిల్లలు పుట్టేచోటే పిల్లల తిండీ పడుతుంది. తల్లి అంత రక్తం తాగేది ఇందుకే.

ఒకసారి పిల్లి మీద చేరి రక్తం రుచి చూసిన మిన్నల్లి సాధారణంగా దాన్ని వదిలి దిగదు. చనిపోయేదాకో, పిల్లి మింగేదాకో అక్కడే ఉంటుంది. మన చీలమండను కుట్టింది పిల్లి మీదినుంచి దూకిన పురుగు కాదన్నమాట. అది ఇంకా పిల్లిని చూడని, కొత్తగా పుట్టిన పురుగు.

నాలుగో ఆధారం: ధూళిలో కదిలే పురుగు

17వ శతాబ్దం చివర్లో హాలండులోని డెల్ఫ్ట్ పట్నంలో బట్టల వర్తకుడు ఒకాయన తానే నూరి చేసుకున్న చిన్న కటకాలతో అన్నిటినీ పరీక్షించేవాడు. ఆయన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఆయన మిన్నల్లులను పెంచి, గుడ్డులోంచి పురుగు, పురుగులోంచి గూడు, గూటిలోంచి మిన్నల్లి రావడం కళ్లారా చూసి రాశాడు. అదే కాలంలో ఇటలీ రేవు పట్నం లివోర్నోలో మందుల దుకాణం నడిపిన చెస్టోని కూడా వేరుగా పరిశీలించి అదే తేల్చాడు. ధూళిలోంచి మిన్నల్లి పుట్టదు, మిన్నల్లి గుడ్డులోంచే పుడుతుంది.

ఆ పిల్లపురుగు తల్లిలా ఉండదు. కాళ్లు లేవు, కళ్లు లేవు. పలచని వెంట్రుకలున్న సన్నటి తెల్లని పురుగు, ఎదిగాక సుమారు అయిదు మిల్లీమీటర్లు. నల్లని తిండి తిన్నాక దాని పొట్ట లోపలి గీత బయటికి కనిపిస్తుంది. వెలుతురు పడదు, చీకటివైపూ కిందివైపూ పాకుతుంది. చాప కిందికి, దివాన్ కాళ్ల సందుల్లోకి, పరుపు కుట్ల మధ్యకు పోతుంది. తాండూరు, బేతంచర్ల బండలు పరిచిన ఇళ్లలో బండకూ బండకూ మధ్య సున్నమో సిమెంటో రాలిపోయిన పగుళ్లు దానికి చక్కని చోటు. అక్కడ చేరిన దుమ్ములో తల్లి రాల్చిన ఎండు రక్తం తింటూ రెండుసార్లు కుబుసం విడుస్తుంది.

అరిస్టాటిల్ చూసినది నిజమే. ఎండిన మలం ఉన్నచోట మిన్నల్లులు కనిపిస్తాయి. ఆ మలం మిన్నల్లులదేనని, అది పుట్టుకకు కారణం కాదని, ఆహారమని ఆయనకు తెలిసే వీలు లేదు, ఆ కాలంలో సూక్ష్మదర్శిని లేదు.

ఇక్కడే శత్రువు బలహీనత కూడా బయటపడింది. ఈ పిల్లపురుగుకు తేమ కావాలి. గాలిలో తేమ యాభై శాతం కంటే తగ్గితే ఎండి చచ్చిపోతుంది. అందుకే రాయలసీమలో ఏప్రిల్, మే నెలల ఎండలో ఆరుబయట ఇది బతకలేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలోనూ, ఎక్కడైనా వానాకాలంలోనూ దీనికి బాగా కలిసొస్తుంది. ఎండాకాలంలో కూడా ఇంట్లో తడి ఆరని మూలలు, కుండ కింద చెమ్మ, మెట్ల కింద చీకటి దీన్ని కాపాడతాయి.

అయిదో ఆధారం: చల్లబడిన ఎలుక

మన చిక్కుముడికి అవసరమైన ఒక సంగతి ప్లేగు చరిత్రలో ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. పాశ్చర్ సంస్థ తరఫున ఫ్రాన్సు వైద్యుడు పాల్ లూయీ సీమోన్ ఇక్కడికి వచ్చాడు. అప్పుడే చచ్చిన ఎలుకను పట్టుకున్నవాళ్లకు జబ్బు వస్తోందని, చచ్చి ఒక రోజు దాటిన ఎలుకను ఎత్తి పారేసినవాళ్లకు రావడం లేదని ఆయన గమనించాడు. రెండు శవాలకూ మధ్య తేడా ఒళ్లు వేడిది. వేడి ఉన్నంతసేపూ దాని మీద మిన్నల్లులుంటాయి, చల్లబడగానే దిగిపోయి ఇంకో వేడి ఒళ్లు వెతుక్కుంటాయి.

1898 జూన్‌లో కరాచీలో సీమోన్ ఈ అనుమానాన్ని పరీక్షించాడు. ప్లేగు తగిలిన ఎలుకను పెద్ద గాజు పాత్రలో ఉంచాడు. దాని మీద మిన్నల్లులు చాలినన్ని ఉండాలని, తాను దిగిన రేనాల్డ్స్ హోటల్లో తిరిగే పిల్లి ఒంటినుంచి కొన్ని ఏరి తెచ్చి వేశాడు. జబ్బు ఎలుక చనిపోతున్న దశలో, ఆరోగ్యంగా ఉన్న ఎలుకను తీగబోనులో పెట్టి అదే పాత్రలోకి దించాడు. రెండూ ఒకదాన్నొకటి తాకే వీల్లేదు, మిన్నల్లులు మాత్రం గెంతగలవు. కొద్దిరోజుల్లో రెండో ఎలుకా ప్లేగుతో చనిపోయింది. ఎలుకల ప్లేగును ముఖ్యంగా మోసేది వేరే జాతి మిన్నల్లి. ఆయన మాట అందరూ ఒప్పుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది, బొంబాయిలో 1905లో మొదలైన ప్లేగు సంఘం ప్రయోగాలు దాన్ని నిలబెట్టాయి.

మన ఇంటి కథకు ఇందులోంచి దొరికేది ఒక్కటే. మిన్నల్లికి దారి చూపేది వేడి. వేడి ఉన్నచోటికి పోతుంది. ఒక జంతువు లేకపోతే ఇంకోదాన్ని ఎక్కుతుంది.

ఆరో ఆధారం: మూసిన గూడు

పిల్లపురుగు ఎదిగాక సన్నటి పట్టుదారంతో తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. దారం జిగటగా ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న ఇసుక, దుమ్ము, నూలుపోగులు దానికి అంటుకుంటాయి. పక్కనే ఉన్నా చెత్త ముక్కలా కనిపిస్తుంది తప్ప గూడని పోల్చుకోలేం. లోపల వారం పదిరోజుల్లో మిన్నల్లి పూర్తిగా తయారవుతుంది. తయారైన ప్రతిదీ వెంటనే బయటికి రాదు. చుట్టూ అలికిడి లేకపోతే అక్కడే కదలకుండా ఉండిపోతుంది. ఆ స్థితిలో ఖర్చు చాలా తక్కువ, కొన్ని వారాలు ఓర్చుకోగలదు. చల్లని చోట అయిదు నెలలకు పైగా ఉండగలదు. గూడు దాటి బయటికి వచ్చాక రక్తం దొరకకపోతే దాని ఆయుష్షు త్వరగా తీరిపోతుంది. అందుకే తిండి దగ్గర్లో ఉందని రుజువు దొరికేదాకా తలుపు తీయదు.

ఆ రుజువు ఏమిటో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 1980లలో పరీక్షించి చూశారు. గూడుమీద ఒత్తిడి పడాలి, వేడి తగలాలి. ఈ రెండూ అందితే లోపలున్నది క్షణాల్లో బయటికి వస్తుంది. అడుగుల అదురు, ఊపిరిలో వదిలే బొగ్గుపులుసు గాలి కూడా దాన్ని లేపుతాయి. ఒక జంతువు దగ్గరికి వచ్చిందనడానికి ఇంతకంటే మంచి గుర్తులు ఉండవు.

ముడి వీడింది

ఇప్పుడు ఆ నెలరోజులను మొదటినుంచీ కూర్చుకోవచ్చు.

పిల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ కొన్ని మిన్నల్లులు గూటిలోంచి బయటికి వచ్చేవి. మనకంటే పిల్లి నేలకు దగ్గరగా ఉంటుంది, వేడిగా ఉంటుంది, అక్కడే పడుకుంటుంది. వచ్చినవన్నీ దాన్నే ఎక్కేవి. చాలావాటిని అది నాకి మింగేసేది. ఇంట్లోవాళ్లకు కాటు తగిలేది కాదు, కాబట్టి మిన్నల్లులు లేవనుకున్నారు.

ఊరెళ్లే రోజుకు దివాన్ కిందా, చాప కిందా, బండల సందుల్లోనూ గుడ్లు, పిల్లపురుగులు, గూళ్లు అన్నీ ఉన్నాయి. పశువైద్యులు తరచూ చెప్పే లెక్కలో, మిన్నల్లులున్న ఇంట్లో పెద్దవి నూటికి అయిదే, మిగిలిన తొంభై అయిదూ గుడ్లు, పిల్లపురుగులు, గూళ్లు. పిల్లి వెళ్లిపోయింది. మొదటివారంలో గుడ్లు చిట్లి పిల్లపురుగులు వచ్చాయి. తరవాతి రెండు వారాల్లో పిల్లపురుగులు తల్లులు వదిలిన ఎండు రక్తం తిని గూళ్లు అల్లుకున్నాయి. తిండి అప్పటికే అక్కడుంది కాబట్టి వాటికి పిల్లి అవసరం లేకపోయింది. నాలుగో వారానికి గూళ్లలో మిన్నల్లులు సిద్ధమయ్యాయి. తొందరపడి బయటికి వచ్చినవి కొన్ని ఆకలితో చచ్చాయి. మిగిలినవి కదలకుండా ఉండిపోయాయి. రోజుకు కొన్ని చొప్పున రావలసినవన్నీ ఒకచోట పోగుపడ్డాయి.

తలుపు తీశారు. పెట్టెలు దభీమని నేలమీద పెట్టారు. నాలుగు జతల కాళ్లు గదులన్నీ తిరిగాయి. అదురు, ఒత్తిడి, వేడి, ఊపిరి అన్నీ ఒకేసారి అందాయి. గూళ్లన్నీ దాదాపు ఒకేసారి తెరుచుకున్నాయి. పిల్లి ఇంకా పక్కింట్లోనే ఉంది. అందుబాటులో ఉన్న వేడి ఒళ్లు మనుషులవే. కొత్తగా అద్దెకు దిగినవాళ్ల కథ కూడా ఇదే.

పిల్లి వల్ల కాట్లు రాలేదు. పిల్లి లేకపోవడం వల్ల వచ్చాయి.

మందు ఎందుకు ఓడిపోయింది?

చాలా ఇళ్లలో ఇక్కడినుంచే అసలు కష్టం మొదలవుతుంది. దొరికిన పురుగుమందు తెచ్చి ఇల్లంతా కొడతారు. ఆ రోజు బయట తిరుగుతున్నవి చస్తాయి. జిగటదారం, దానికంటుకున్న దుమ్ము గూటిలోపలికి మందు సరిగా చేరనివ్వవు. వారం తిరిగేసరికి మళ్లీ కాట్లు. మందు నకిలీదనుకుని ఇంకా ఘాటైనది తెస్తారు. ఈసారి దెబ్బ పిల్లికి తగులుతుంది.

పిల్లి కాలేయానికి కొన్ని విషాలను విరగ్గొట్టే శక్తి బాగా తక్కువ. దానికితోడు పాదాలకూ ఒంటికీ అంటినదాన్నంతా నాకి మింగుతుంది. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ చుక్కలమందు పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. సహజమైనవి కదా అని వాడేవి కూడా అన్నీ మంచివి కావు. టీ ట్రీ నూనె, నారింజ తొక్కల నూనె, కర్పూరం, కలరా ఉండలు, ఫినాయిలు పిల్లికి హాని చేస్తాయి. తిండిలో వెల్లుల్లి కలిపితే మిన్నల్లులు పోవు, పిల్లి రక్తకణాలు దెబ్బతింటాయి. కిరోసిన్ గుడ్డతో ఒళ్లు తుడిస్తే చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు పాడవుతాయి.

ఆధారాలే ఆయుధాలు

ఒక్కో ఆధారం ఒక్కో పని చెబుతోంది. అన్నీ కలిపి చేస్తేనే ఫలితం.

మొదట పిల్లి. పేన్ల దువ్వెనతో రోజూ దువ్వాలి, మెడ, గడ్డం కింద, పొట్ట, తోక మొదలు వదలకుండా. దువ్వెనను ప్రతిసారీ గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచాలి. వట్టి నీళ్లలో మిన్నల్లి తేలి మళ్లీ గెంతుతుంది, సబ్బు కలిస్తే మునిగి చస్తుంది. పట్టుకున్న ప్రతి ఆడ మిన్నల్లితో రోజుకు నలభై గుడ్లు తగ్గుతాయి.

తరవాత పడక. పిల్లి పడుకునే గుడ్డలన్నీ మనకు తెలిసి ఉండాలి కాబట్టి, దానికి ఒకటి రెండు చోట్లే పడక అలవాటు చేస్తే పని సులువవుతుంది. ఆ గుడ్డలను దులపకుండా మడిచి ఎత్తాలి, దులిపితే గుడ్లు ఇల్లంతా రాలతాయి. వారానికోసారైనా 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, గట్టి ఎండలో ఆరెయ్యాలి. ఉతకలేని పరుపులను మిట్టమధ్యాహ్నం ఎండలో రెండువైపులా తిరగేస్తూ ఉంచాలి. వేడి, పొడితనం రెండూ గుడ్లకూ పిల్లపురుగులకూ చావు.

తరవాత నేల. అన్నిటికంటే బలమైన ఆయుధం వాక్యూమ్ క్లీనర్. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో హింక్, నీధం చేసిన ప్రయోగంలో, క్లీనర్ లోపలికి పోయిన పెద్ద మిన్నల్లుల్లో 96 శాతం చచ్చాయి, పిల్లపురుగులూ గూళ్లలోనివీ అన్నీ చచ్చాయి. ఈ ఫలితం 2007లో వెలువడింది. లోపలి తాకిడికే అవి పోతున్నాయి, సంచిలో మందు వేయనక్కర్లేదు. దాని అదురు, వేడి గాలి గూళ్లలో దాక్కున్నవాటిని కూడా బయటికి రప్పిస్తాయి. కాబట్టి మొదటి రెండు వారాలు రోజూ, తరవాత రోజు విడిచి రోజు, దివాన్ కింద, గోడ అంచుల్లో, సోఫా సందుల్లో నడపాలి. అది లేనివాళ్లు చాపలూ పట్టాలూ ఎత్తి, బరువైన సామాను జరిపి, మూలల్లోంచి నెమ్మదిగా ఊడ్చి, ఆ చెత్తను సబ్బునీళ్లలో వేసి పారబోయాలి. తరవాత సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి బాగా ఆరనివ్వాలి. బండల మధ్య పగుళ్లను సిమెంటుతో పూడ్చేస్తే ఒక కాపురం శాశ్వతంగా పోతుంది.

ఇక ఎదురుచూపు. రాత్రి నేలమీద వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, దానికి కొంచెం పైన చిన్న దీపం ఉంచితే, కొత్తగా బయటికి వచ్చినవి వెలుగుకు గెంతి అందులో పడతాయి. ఇది ఇల్లు శుభ్రం చేసే మార్గం కాదు, లెక్క చూసుకునే మార్గం. రోజూ పడేవి తగ్గుతున్నాయంటే దారి సరైనదే. గూళ్లలో ఉన్నవి విడతలవారీగా వస్తూనే ఉంటాయి కాబట్టి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మూడోవారంలో నాలుగు కాట్లు పడ్డాయని ఓడిపోయామనుకోకూడదు. అవి పాత గూళ్లలోంచి వచ్చిన చివరి విడతలు.

ఊరినుంచి తిరిగి వచ్చేవాళ్లకు ఇంకో మాట. పిల్లల్ని లోపలికి పంపేముందు పెద్దలొకరు ప్యాంటు మేజోళ్లలో దోపుకుని గదుల్లో గట్టిగా అడుగులు వేస్తూ తిరగాలి. గూళ్లు తెరుచుకుంటాయి. వెంటనే క్లీనర్ నడపాలి, లేదా ఊడ్చి సబ్బునీళ్లతో తుడవాలి. పోగుపడిన దండులో చాలాభాగం ఆ గంటలోనే పోతుంది.

వీధిపిల్లులు వచ్చి పడుకునే మెట్ల కింది చోటు, పెరట్లో చెట్టునీడన తడిగా ఉండే మట్టి కూడా ఇంటిలోకి లెక్కే. అక్కడి చెత్త తీసి ఎండ తగిలేలా చేయాలి.

వీటితో ఆగనివి కొన్ని ఉన్నాయి. చిన్న పిల్లికూనకు మిన్నల్లులు ఎక్కువైతే రక్తం తగ్గి చనిపోవచ్చు. చిగుళ్లు పాలిపోతే ఆలస్యం చేయకూడదు. తోక దగ్గర తెల్లటి చిన్న ముక్కలు కదులుతూ కనిపిస్తే, మిన్నల్లిని మింగడం వల్ల బద్దెపురుగు చేరిందని అర్థం. ఒళ్లంతా పుండ్లు పడేలా గోక్కుంటున్నా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వైద్యుడు పిల్లి బరువు చూసి మెడ వెనక వేసే చుక్కలమందు ఇస్తే కాదనకండి. అది పిల్లి కోసం కొలిచి ఇచ్చే మందు. మనం వద్దనుకునేది ఇల్లంతా గుడ్డిగా చల్లే విషాన్ని.

మిన్నల్లుల పేరుతో పిల్లిని సంచిలో పెట్టి ఊరవతల వదిలేసి వచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లిని పంపేస్తే నేలమీది గూళ్లు ఎక్కడికీ పోవు, వాటిలోంచి వచ్చేవి మీ పిల్లల కాళ్లనే వెతుక్కుంటాయి. రోజూ దువ్విన పిల్లి ఇంట్లో ఉంటే, కొత్తగా పుట్టినవన్నీ దాని మీదికే చేరి మీ దువ్వెనకు చిక్కుతాయి. ఈ కేసులో పిల్లి ముద్దాయి కాదు. దువ్వెన, వేడినీళ్లు, ఎండ, చీపురు, మూడు నెలల ఓపిక ఉంటే చాలు, పిల్లీ ఇల్లూ రెండూ దక్కుతాయి.